రత్నక్క గాజు ప్లేట్లు, నా అబద్ధం

నిన్న పొద్దున మా ఫ్యామిలీ గ్రూప్‌లో రత్నక్క ఫోటో వచ్చింది.

బాగుంది కదా అని హార్ట్ కొట్టేశాను. ఆ తర్వాత కింద రాసింది చదివాను.

ఆదోనిలో, తెల్లవారేసరికి పోయిందంట.

ఆ హార్ట్ ఎలా తీసేయాలో కూడా తోచలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. రత్నక్క మా పెద్దమ్మ కూతురు. మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. అక్కను ఆదోనిలో ఫోటో స్టూడియో వాళ్లింటికి ఇచ్చారు. డెబ్బైల్లో మాట. పెళ్లైన నాలుగేళ్లకే బావ పోయాడు. ఆ బెంగతో ఏడాది తిరక్కుండా బావ వాళ్ల నాన్న, అక్క మామ కూడా పోయాడు.

మిగిలింది అక్క, ఆ స్టూడియో, గాజు ప్లేట్లు.

ఇప్పటి పిల్లలకు తెలీదు. పాత రోజుల్లో నెగటివ్‌లు గాజు పలకల మీద ఉండేవి. అక్క మామ కుర్రతనం నుంచి తీసినవన్నీ చెక్కపెట్టెల్లో ఉన్నాయి. పెట్టెకొక ఊరి పేరు. ఆదోని, ఎమ్మిగనూరు, సి.బెళగల్, ఉరుకుంద జాతర.

అక్క ఒక్కో ప్లేటుకు బటర్ పేపర్ చుట్టి, నిలబెట్టి సర్దేది. వానాకాలం బూజు కనిపిస్తే మెత్తటి బ్రష్‌తో దులిపేది. ఒకసారి నేను తెలివిగా తడిగుడ్డ తీసుకున్నాను. చేతి మీద ఒక్కటిచ్చింది.

"తడి తగిలితే మొగమే ఊడొస్తాదే!"

సెలవులన్నీ అక్క దగ్గరే ఉండి నేనూ ఆ పని నేర్చుకున్నాను. ఏ ప్లేటు ఏ పెట్టెలో ఉందో మా ఇద్దరికే తెలుసు.

ఆ పని అక్కకు ప్రాణమని అందరూ అనుకున్నారు. కాదండీ. అక్కకు టీచర్ కావాలని ఉండేది.

అందుకే ఒకసారి అన్నీ అమ్మేద్దామనుకుంది. పటాలు కట్టే ఆయన కొనడానికి వచ్చాడు. వేడినీళ్లలో సోడా వేసి పైన పూత గీకేస్తే మంచి గాజు వస్తుంది, దేవుడి పటాలకు సరిపోతుంది అన్నాడు. పెట్టెలు వాకిట్లోకి వచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే సి.బెళగల్ నుంచి ఒక ముసలామె వచ్చింది. కొడుకు పోయాడు. దినానికి పూలదండ వేయడానికి పటం కావాలి. ఎప్పుడో ఉరుకుంద జాతరలో, మా అక్క మామ వేసిన డేరాలో తీయించుకున్న ఫోటో తప్ప వాడికి ఇంకోటి లేదు. ఇంట్లో ఉన్నదాన్ని చెదలు తినేశాయి.

అక్క వాకిట్లోనే కూర్చుని వెతికింది. దొరికింది. ప్రింట్ వేసి ఇచ్చింది.

ఆమె దాన్ని చాలాసేపు చూసి, "ఇన్నేండ్లు ఈడనే ఉండాడా నా కొడుకు? సల్లగుండు తల్లీ. నువ్వు యాడికీ పోవద్దు" అంది.

దీవించే పోయింది పాపం. అక్క కాళ్లకు మాత్రం సంకెళ్లు పడ్డాయి.

పెట్టెలు మళ్లీ లోపలికి వెళ్లాయి.

మనిషి పోయిన పదిరోజుల్లో పటం కావాలి. ఏ ఇంటికి ఎప్పుడు అవసరం పడుతుందో ఎవరికీ తెలీదు. ఇంక అక్క ఎక్కడికి పోతుంది? మా ఇళ్లల్లో పెళ్లిళ్లకు కూడా పొద్దున బస్సుకు వచ్చి, అక్షింతలు వేసి, సాయంత్రం బస్సుకు పోయేది. ఊరంతా మహాతల్లి అని పొగిడింది. పొగిడినవాళ్లలో ఒక్కరూ వచ్చి ఒక్క వారం ఆ కుర్చీలో కూర్చోలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాళ్లలో నేనూ ఉన్నాను.

ఎనభైల్లో అక్కకు కర్నూలులో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. నాకు కార్డు రాసింది. వారంలో చేరాలి, నువ్వు వెంటనే వచ్చి స్టూడియో చూసుకో సరోజా, ట్రైనింగ్ అయ్యేదాకా చాలు అని.

నాకు అప్పుడు ఇరవై. ఆ డార్క్ రూమ్ అంటే నాకు భయం. కిటికీ లేదు. ఒక ఎర్ర బల్బు. గొంతు పట్టేసే మందుల వాసన. ట్రైనింగ్ అయ్యేదాకా అంటుంది గానీ, ఒకసారి కూర్చున్నాక నన్ను ఎవరు లేవనిస్తారు?

ఆ మాట రాయలేదు. "మగ్గం మీద చీర ఉంది అక్కా, దించేదాకా రాలేను" అని రాశాను. మా ఇళ్లల్లో ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

మగ్గం ఖాళీగా ఉంది.

మూడోరోజు పొద్దున్నే అక్క మా గడపలో నిలబడింది. స్టూడియోకు రెండురోజులు తాళం వేసి వచ్చింది. ఆ ఒక్కసారే వేసింది.

"నువ్వు నూలు కండెలు సుట్టియ్యి, నేను నేస్తా. రేపటికి దిగుతాది. యాడుంది సీర?" అంటూ కొంగు దోపుకుని లోపలికి వచ్చింది.

మగ్గం చూసింది.

నేను నేలలోకి కుంగిపోయాను. అక్క మంచినీళ్లు అడిగి తాగింది. మా అమ్మతో కాసేపు మాట్లాడింది. బస్టాండ్ దాకా నేను వెనకాలే నడిచాను.

బస్సు ఎక్కబోతూ అడిగింది. "బయపడినావా?"

తల ఊపాను.

"నాకూ బయమే" అంది. ఎక్కి కూర్చుంది. బస్సు పోయింది.

ఆ సీటు పోయింది. ఇంకోటి రాలేదు. ఆ సంగతి అక్క ఎవరికీ చెప్పలేదు, ఈరోజు నేనే చెప్తున్నాను.

నిన్నటి నుంచి అందరూ పోస్టులు పెడుతున్నారు. ఊరి ఫోటోలు కాపాడిన మనిషి అని. నిజమే, కాపాడింది. ఇష్టంగా కాపాడింది అని మాత్రం రాయకండి. రావడం ఇష్టం లేదని నేను ఆ రోజే రాసి ఉంటే, ఇంకెవరినైనా అడిగేది. అక్క చేతిలో ఉన్న ఆ కొద్ది రోజులు కూడా నేనే తినేశాను.

క్షమించు అక్కా.

ఇప్పుడు పోవడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. ప్రశాంతంగా పో.