పొడవు కొలవమన్న అక్క

రుషికొండ ఆఫీసులో మా సీనియర్‌ను అందరం అక్కా అనేవాళ్లం. నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్, అంటే డేటా ముక్క, తన పొడవెంతో తన ముందుభాగమైన హెడర్లో తానే చెప్పుకుంటుంది. మెషీన్‌ను లోపలినుంచి నడిపే కెర్నల్ కోసం మేం రాసిన కోడ్ చూసేటప్పుడు ఆమె తెరమీద వేలు పెట్టి, "అది సెప్పింది సరే, నువ్వు కొలిసావా?" అనేది.

ఒకసారి ఆమెకు చూపించకుండానే కోడ్ పంపేశాను. పొడవు ఎక్కువ చెప్పిన ఒక ప్యాకెట్‌ను నమ్మి, కెర్నల్ అందులో లేని డేటాను చదవబోయింది. క్లయింట్ల ఎదుటే మెషీన్ ఆగిపోయింది.

"దీన్నెవరు చూశారు?" అన్నాడు మేనేజర్.

"నానే సూసాను సార్. తప్పు నాదే," అంది ఆమె.

సాయంత్రం పక్కన కూర్చుని, అలాంటి ప్యాకెట్లను చదవకుండానే పారేసే తనిఖీ నాచేత రాయించింది.

ఆ ఏడు ఆమెకు ప్రమోషన్ రాలేదు. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. నేనూ మేనేజర్‌కు నిజం చెప్పలేదు.