చేప తలకాయల వాటా

తాండూరు చేపల అంగట్లో అమీనాబీ ఇరవై ఆరేళ్లుగా కత్తిపీట ముందు కూర్చుంటోంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. శుభ్రమైన ముక్కలు చాలనుకునే వాళ్లు తలకాయ, మొప్పలు, కార్జం అక్కడే వదిలి వెళ్తారు. అవి కోసినామె వాటా. ఆమె అడగదు, వాళ్లూ ఇచ్చామని చెప్పరు.

ఈ ఏడు ఆ వాటా అంతా కైనాత్‌ది. అమీనాబీ పెద్ద బిడ్డ కైనాత్ నాలుగో నెల గర్భంతో, ఒంట్లో నీరసంతో పుట్టింటికి వచ్చింది. రోజూ మధ్యాహ్నం ఆమెకు గిన్నెడు తలకాయ షోర్వా పోయడం తల్లి పట్టుదల.

చేపలు ఊరి కింది వాగువి. బండల పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే రాతిపిండి నీళ్లు అందులో కలిసి, ఒడ్డున తెల్లటి పేస్టులా గడ్డకడతాయి. అందరూ చూపించేది ఆ తెలుపునే. కాస్త పైన, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్ల నుంచి సన్నటి కాలువ ఒకటి వాగులోకి దిగుతుంది. దాని బురదలో కర్ర గుచ్చి తీస్తే నల్లటి జిగురు తీగలా సాగుతుంది; కుళ్లిన గుడ్డు వాసన. ఆ బురదలోనే జెల్ల చేపలు మేస్తాయి.

వానలు మొదలయ్యాక నదుల కాలుష్యంపై అధ్యయనానికి మా బృందం వచ్చింది. నమూనాల సేకరణ సంతోష్‌ది, ఇళ్లల్లో ప్రశ్నావళి నాది. సంతోష్ అమీనాబీ దగ్గర నాలుగు కిలోల జెల్లలు కొన్నాడు.

"మంచిగ సాఫ్ చేసి ముక్కలు కొట్టమ్మా. ల్యాబ్‌కు పోవాలె."

"ల్యాబోళ్లు గూడ ముళ్లు తీస్కొని తింటరా సారూ?" అంటూ ఆమె శ్రద్ధగా కోసి, మూడుసార్లు కడిగి ఇచ్చింది. తలకాయలు పద్ధతి ప్రకారం కత్తిపీట దగ్గరే ఉండిపోయాయి.

నెల తర్వాత ఫలితం వచ్చింది. "చేపలలో సీసం అనుమతించిన పరిమితికి లోబడి ఉంది." ఆ కాగితం నేనే అమీనాబీకి చదివి ఇచ్చాను. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తన గొడుగు కర్రకు కట్టింది.

"గా కాయితం నా వంకాయలకు గూడ జర కట్టవే అమీనక్కా, ఒక్క పుచ్చు గూడ కానరాదు!" అని పక్కన కూరగాయలమ్మే నాగవ్వ నవ్వింది.

ప్రశ్నావళి పట్టుకుని నేను అమీనాబీ ఇంటికి వెళ్లిన రోజు, 'వారానికి ఎంత చేప తింటారు?' అని చదివాను.

"చేపనా? చేప తినేది కొనేటోళ్లు బిడ్డా," అంది ఆమె. "మేం తలకాయలు, కార్జాలు తింటం. మీ సార్ ఇడిసిపోయినయి గూడ ఆ దినమే వండిన. మస్తు రుచి."

కైనాత్ గిన్నె ఎత్తి తాగుతోంది. చేపలో ఏ భాగం తింటారనే ప్రశ్న నేను రాసిన ఎనిమిది పేజీలలో ఎక్కడా లేదు. మరుసటి రోజు అదే వాగు జెల్లల తలకాయలు, కార్జాలు మంచుపెట్టెలో సర్దించి హైదరాబాదు పంపాను. ముక్కల్లో లేని సీసమంతా వాటిలో ఉందని తేలింది: కార్జంలో పరిమితికి తొమ్మిది రెట్లు.

ఆ మాట చెప్పగానే అమీనాబీ పొయ్యి మీది షోర్వా గిన్నె దించి, పెరట్లో గుంట తీసి పారబోసి, మట్టి కప్పింది. వాకిట్లో పిల్లి అరుస్తుంటే చెయ్యి విసిరింది. "పో! నీ కడుపుల గూడ పిల్లలున్నయి."

"మూడు నెలలు తాగిన అమ్మీ," అంది కైనాత్.

మరునాడే ఇద్దరూ బస్సులో వికారాబాద్ వెళ్లి రక్తపరీక్ష చేయించారు. సీసం ఉండకూడనంత ఉంది. తలకాయలు మానేయండి, పాలు తాగించండి, బిడ్డ సంగతి పుట్టాక గాని తెలియదు అన్నారు డాక్టరమ్మ.

రెండో విడత నమూనాలకు సంతోష్ వచ్చాడు, వెంట నేనూ ఉన్నాను. గొడుగు కర్రకు కాగితం లేదు. కైనాత్ తల్లి పక్కనే పీట మీద కూర్చుని ఉంది. అమీనాబీ ముక్కలు ఒక కవర్లో, తలకాయలూ కార్జాలూ మరో కవర్లో వేసి, ముందు రెండోది చేతికిచ్చింది.

"ఇవి వద్దమ్మా. మా లిస్టులో లేవు," అంటూ సంతోష్ రెండో కవరును ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. దాని అడుగు నుంచి నల్లటి నీరు కారుతోంది.

"అట్ల పట్టుకుంటున్నవేంది సారూ? నా బిడ్డ గిదే తాగింది."

"నియమాల ప్రకారం ముక్కలే..."

"గా నియమం రాసినోళ్లు తలకాయ తినరు గదా! మేం తింటం. లిస్టుల రాయి. లేకుంటే ముక్కలు గూడ ఇయ్య."

సంతోష్ నా వైపు చూశాడు. నేను కలం అందించాను. అతను రాసిన ఫారాన్ని చదువురాని అమీనాబీ బిడ్డ చేతికిచ్చింది.

కైనాత్ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని గట్టిగా చదివింది: "జెల్ల. ముక్కలు. తలకాయలు. మొప్పలు."

"కార్జం?"

"లేదమ్మీ."

అమీనాబీ ఫారం తీసుకుని మళ్లీ సంతోష్ ముందు పెట్టింది.