మామ చేపల గుంటలో ఎర్ర పురుగులు

సముద్రం అడుగున బురదలో బతికే పురుగులూ నత్తలూ నీళ్లలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఏమవుతాయన్నది నా పరిశోధన. మాదేమో కరీంనగర్. సముద్రం చూడాలంటే మా వాళ్లు రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అందుకని నా చదువు గురించి ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకునేవారు. బాపును ఎవరైనా అడిగితే "నీళ్లకు సంబంధించింది" అని మాట మార్చేవాడు. మంథని దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ మాత్రం మొహం మీదే అడిగాడు: "బురద తోడుడే అయితె మన ఊర్లె బురద లేదా బిడ్డా? దానికి వైజాగ్ దాక పోవాల్నా?"

పోయిన వానాకాలం నా ఆక్సిజన్ మీటరు చెడిపోతే హైదరాబాదులో బాగు చేయించుకుని, ఎలాగూ ఇంత దూరం వచ్చాను కదా అని మామ ఇంట్లో రెండు రోజులు దిగాను. పొలం పక్కనే మామకు చేపల గుంట ఉంది. రవ్వలు, బొచ్చెలు పెంచుతున్నాడు. నాలుగు రోజులుగా విడవని ముసురు.

రెండో రోజు తెల్లవారుతుండగా అత్త నన్ను కుదిపి లేపింది.

"లే బిడ్డా! చేపలన్ని మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. మీ మామ ఆగమాగమైతుండు."

వెళ్లేసరికి గుంట నిండా నోళ్లే. వందల నోళ్లు గుండ్రంగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. పెద్ద బొచ్చెలు కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి. మామ గట్టు మీద నిలబడి పక్క చేను వైపు తిరిగి తిడుతున్నాడు. అది ఒక పత్తి రైతు చేను. నిన్న వాన కాస్త తెరిపివ్వగానే అతను పత్తికి పురుగుమందు కొట్టాడు.

"నా గుంటల మందు కలిపిండు! వాని చెయ్యి పడిపోను!"

పత్తి రైతు యూరియా సంచి నెత్తిన కప్పుకుని అవతలి గట్టు మీదే ఉన్నాడు. "నీ చేపల మీద నాకేం పగ? నేను చేపలు తినుడే బందు పెట్టిన!"

నేను మీటరు తీగను నీళ్లలోకి దించాను. పైన అంకె చాలా తక్కువగా ఉంది, అడుగుకు చేరేసరికి దాదాపు సున్నా.

"మామా, ఇది మందు కాదు. నీళ్లల్ల గాలి లేదు."

"నీళ్లల్ల గాలేంది?"

"చేపలు పీల్చుకునే గాలి. ఎండ లేకపోతె నీళ్లల్ల నాచు గాలి పుట్టియ్యదు. మిగిలిన దాణా కుళ్లి ఉన్న గాలిని గుంజుకుంటది. దాణా ఎంత ఏస్తున్నవ్?"

మామ గొంతు తగ్గింది. "సలికున్నయని జర ఎక్కువనే ఏసిన. తవుడు, పల్లిచెక్క."

"రోజూ ఏసేదానికి రెండింతలు," అంది అత్త. "ఇంట్ల మనుషులను గూడ గంత అర్సుకోడు."

మామ ఒప్పుకోలేదు. "మిషన్ ఖరాబైతెనే కదా హైదరాబాద్ తీస్కపోయినవ్? మళ్ల ఖరాబైందేమో," అన్నాడు.

ఇక నాకు మిగిలింది నేను నేర్చిన ఒకే ఒక్క విద్య.

"అత్తా, పిండి జల్లెడ ఇయ్యి."

దేనికో తెలియక అత్త తెచ్చి ఇచ్చింది. నేను నడుంలోతు నీళ్లలోకి దిగి, బకెట్టుతో అడుగు బురద తీసి, జల్లెడలో పోసి కడగడం మొదలుపెట్టాను. నల్లటి బురద, కుళ్లిన గుడ్ల కంపు. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తన జల్లెడనే చూస్తోంది. బురద జారిపోయాక అడుగున ఎర్రటి పురుగులు, తెగిన దారప్పోగుల్లా, మెలికలు తిరుగుతూ బయటపడ్డాయి.

నాకు ఒళ్లు తెలియలేదు. "అబ్బ! ఎంత మంచిగున్నయో చూడు మామా! అన్నీ బతికే ఉన్నయి!"

"నా చేపలు సస్తుంటె, నువ్వు పురుగులు బతికినయని సంబరపడుతున్నవా?" అన్నాడు మామ. ఆ గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువ ఉంది. సిగ్గుపడ్డాను. నెమ్మదిగా చెప్పాను.

"గీటికి మనలెక్క ఎర్ర నెత్తురుంటది మామా. కొంచెం గాలి ఉన్నా సాలు, బతుకుతయి. గని పురుగుమందు పడితె ముందుగాల సచ్చేటివి గివే. ఇవి బతికినయంటె మందు పడలే."

"ఇన్నవా?" అని పత్తి రైతు అవతలి నుంచి అరిచాడు. "పురుగులే సాక్ష్యం చెప్పినయి!"

అప్పటికి చేయగలిగింది ఒక్కటే. నీళ్లు తోడి, గాలి కలిసేలా ఎత్తు నుంచి చిమ్మాలి. మామ మోటరు కాలిపోయి మంథనిలో రిపేరులో ఉంది. దగ్గరలో మరో మోటరు పత్తి రైతుదే. మామ అత్త వైపు చూశాడు.

"తిట్టింది నువ్వు. నువ్వే అడుగు," అంది అత్త.

మామ గట్టు చివరి దాకా నడిచి గొంతు సవరించుకున్నాడు. "అన్నా... జర మోటరు..."

"పడిపోయిన చెయ్యితోని మోటరు ఎట్ల మోసుకస్తనే?" అన్నాడు పత్తి రైతు. కానీ ఆ మాట అంటూనే పైపు చుట్ట భుజాన వేసుకున్నాడు.

పైపును తుమ్మకొమ్మకు కట్టి, కింద పాత రేకు పెట్టాం. నీళ్లు రేకు మీద పడి చిందుతుంటే చేపలన్నీ అక్కడికే తోసుకుంటూ వచ్చాయి. రెండు గంటలు గడిచాక ఒక్కో నోరూ మాయమవడం మొదలైంది. మధ్యాహ్నం ఎండ మొహం చూపించాక నీళ్ల మీద తెరిచిన నోరు ఒక్కటీ కనిపించలేదు. మామ గట్టు మీద కూలబడి నా తల నిమిరాడు. పాతిక దాకా పెద్ద చేపలు పోయాయి, మిగతావి దక్కాయి. ఆఖరున పోయిన తాజా చేపలతో అత్త పులుసు పెట్టింది. చేపలు బందు పెట్టిన పత్తి రైతు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. ఒక ముసలమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"బిడ్డా, మా బర్రె రెండు దినాల సంది రొప్పుతుంది. గా తీగ జర దాని నోట్లె పెట్టి చూడరాదు?"

"ఇది నీళ్లకే పనికొస్తదమ్మా. బర్రెకు పశువుల డాక్టర్‌ను పిలువాలె."

"మరి నువ్వు డాక్టర్వు గాదా?"

"కాదమ్మా. ఇంక చదువుతున్న."

ముసలమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసి, మామ వైపు తిరిగి జాలిగా అంది: "పిల్ల మంచిదే. పాపం, పాసైతలేనట్టుంది."

మామ కాదనలేదు.