ముందుకు జరిపిన గడువు

ఉద్యోగంలో నా చివరి నెలలు గడిచింది కుప్పం దగ్గర, గుడుపల్లె దారిలోని ఒక చిన్న విమాన శిక్షణ సంస్థలో. విమానం తనిఖీ తేదీలు చూసే మెయింటెనెన్స్ ప్లానర్‌గా చేరిన వారానికే, ఒక మంగళవారం, చెన్నై నుంచి వచ్చిన పరీక్షాధికారి విమానం ఎక్కకుండానే తిరుగుముఖం పట్టాడు. కంప్యూటర్ తెర మీద విమానం పేరు పచ్చగా వెలుగుతోంది, తనిఖీ గడువు బుధవారమని. ఆయన మాత్రం పత్రాలు చూసి, గడువు ఆదివారంతోనే తీరిపోయిందన్నాడు.

ఆ రోజు మా దగ్గర శిక్షణ పొందుతున్న పుంగనూరు అమ్మాయి భార్గవికి పైలట్ లైసెన్సు పరీక్ష. ఉన్నది ఒకే విమానం. తనిఖీకి రెండు రోజులు పడుతుంది.

గడువు తీరిన విమానం ఎంత బాగున్నా ఎగరకూడదు. ఆదివారం మెకానిక్కుకు సెలవు గాని గడువుకు కాదు. అందుకే సెలవు అడ్డొస్తే తనిఖీని అంతకుముందు పనిదినానే పూర్తి చేస్తారు. మా కంప్యూటర్ ఎదురు దిక్కున నడిచింది. సోమవారం అమావాస్య, మావాళ్లు ఇంజను విప్పరు గనక అదీ సెలవుల పట్టికలో ఉంది. మంగళవారం గంగ జాతర, మెకానిక్కులు రారు. బుధవారానికి గాని దానికి పనిదినం దొరకలేదు.

పట్టిక పెట్టించిన మేనేజర్, మదనపల్లె రెడ్డెప్ప, బెంగళూరులోని ప్రోగ్రామర్ సుధాకర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“ఏమప్పా, సెలవొస్తే తేదీ ముందుకు జరపమని సెప్పినానా లేదా?”

“ముందుకే జరిపినాను గదన్నా! ఆదివారం నుంచి బుధవారానికి.”

“అది యెనక్కప్పా! ముందుకంటే శనివారం.”

“అయిపోయిన శనివారం ముందుకెట్లయితాదన్నా?”

హెడ్‌సెట్ చేతిలో పట్టుకుని వింటున్న భార్గవి, “మీరు తేదీని యాడికన్నా జరపండి సార్, నన్ను మాత్రం నేల మీద నుంచి జరపలేకుండారు,” అంది.

‘ముందుకు’ అంటే ఎటో తేల్చడానికి యాజమాన్యం కమిటీ వేసింది. సమావేశం సెలవునాడు పడడంతో దాన్నీ ముందుకు జరిపారు. సగం మంది శనివారం వచ్చారు, సగం మంది సోమవారం.

షెడ్యూలులో ముందు, వెనక అన్న మాటలు ఉండకూడదనీ, తేదీ మాత్రమే ఉండాలనీ నాకు తెలిసింది. నేను పదవీ విరమణ చేసేనాటికి పరీక్షాధికారి కొత్త తేదీ ఇవ్వలేదు. భార్గవి పాసైన రాతపరీక్షలకూ ఒక చెల్లుబాటు కాలం ఉంది. అందులో సెలవులు కూడా లెక్కలోకే వస్తున్నాయి.