తిరిగిరాని పళ్ళ సెట్టు

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా నేను పెట్టిన పళ్ళ సెట్టు ఒక్కటి కూడా తిరిగి నా దగ్గరికి రాలేదు. నేను బస్సు దిగుతుంటే ఆళ్ళగడ్డ స్టాండులో ముసలివాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వి, నేను పెట్టిన పళ్ళు చూపించేవాళ్ళు.

ఈ మాట చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. నిజానికి నవ్వింది సోడాబండి ఆయనొక్కడే. అవీ ఆయన సొంత పళ్ళు. ఇక సెట్లంటారా, బాగా కుదిరినవన్నీ ఎప్పుడో ఒకప్పుడు తిరిగొచ్చాయి; వాడేకొద్దీ సర్దాలి గనక రావాలి కూడా. రానిది ఏ ట్రంకుపెట్టెలోనో గుడ్డలో చుట్టి ఉందన్నమాట. ఆ సంగతి నాకు తెలిసింది ఒక రాతిశిల్పి భార్య వల్ల.

ఇప్పుడు ఎముకలోకి మర బిగించి పన్ను నిలబెడుతున్నారు. డెబ్భైల చివర్లో మా దగ్గరున్నది చిగుళ్ళ రంగు ప్లేటు, దాని మీద పళ్ళు, అంతే. నా ఆసుపత్రి నంద్యాలలో. వారానికోసారి ఆళ్ళగడ్డలో అద్దెగదిలో కూర్చునేవాణ్ణి. ఆ శిల్పి భార్యకు పైనా కిందా పళ్ళు అక్కడే పెట్టాను. ఆమెకు షుగరు. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతుంది. పళ్ళు పెట్టించుకున్నదే నాలుగు ముద్దలు నమిలి తినడానికి.

తర్వాత ఆమె రాలేదు. బాగా కుదిరాయనుకుని నేను మీసం దువ్వుకున్నాను.

ఒకరోజు ఆమె భర్త వచ్చాడు. చేతులకు రాతిపొడి, తుండుగుడ్డలో పళ్ళు.

“డాక్టరప్పా, నువ్వు పని సగంలో ఇడిసిపెట్టినావు. నేను సరిజేసినా. అయినా ఆయమ్మ నమలల్యాకపోతాంది. నిన్న పొయ్యికాడ కండ్లు తిరిగి పడ్యా.”

మూట విప్పి చూశాను. వెనక పళ్ళ మీద నేను ఉంచిన మిట్టలూ గుంతలూ లేవు. అన్నీ ఒక్క మట్టంగా, అద్దంలా మెరుస్తున్నాయి.

“ఏందన్నా ఇది?”

“గరుకుగా ఉండె. నున్నగా తీసినా. మా యాపారంలో అట్ల గుంతలు పెట్టి ఇస్తే దుడ్లు ఇయ్యరప్పా.”

“నువ్వు చెక్కిన ఏ దేవతన్నా నోరు తెరిచి రొట్టె నమిలిందా? ఆ గుంతల్లోనే మెతుకు నలగాల. నువ్వు తిరగలి గాట్లు అరగదీసినావు!”

ఆయన తుండుతో చేతులు తుడుచుకున్నాడు.

అప్పుడే వాళ్ళింటికి వెళ్ళాను. నమలడానికి పట్టులేక ప్లేటు అటూ ఇటూ జారి, కింది చిగురు ఒరుసుకుపోయి పుండయింది. రూపాయి బిళ్ళంత పుండని తర్వాత నంద్యాలలో చెప్పాను. చెప్పినప్పుడల్లా పెరుగుతూ పోయింది. అసలు శనగగింజంత. షుగరున్న నోట్లో అది చాలు, చీము పట్టి దవడ దాకా పోవడానికి. వేలితో తాకితే ఆమె ఉలిక్కిపడలేదు. షుగరు వల్ల నొప్పి తెలియడం లేదన్నమాట, అందుకే నాకు భయమేసింది.

ముందు పళ్ళు తీసి పెట్టమన్నాను. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. సర్కారు ఆసుపత్రిలో రక్తంలో చక్కెర చూపించి మాత్ర సరిచేయించాను. మెత్తటి సంగటి, పలచటి పప్పు వేళ తప్పకుండా తినమన్నాను. ఒక్క చూపులో నయం చేశానని చెప్పుకునేవాణ్ణి గానీ, పుండు మానేదాకా ప్రతివారం వెళ్ళి నోరు చూశాను.

చిగురు గట్టిపడ్డాక కొత్త సెట్టు చేశాను. మళ్ళీ ఒకచోట ఎర్రబడింది. తడి తగిలితే ఊదారంగు తేలే పెన్సిలుతో ఆ ఎరుపు మీద చుక్క పెట్టి, ప్లేటు నొక్కి తీశాను. చుక్క ప్లేటు మీదికి దిగింది. అక్కడ మాత్రమే గీకాను.

శిల్పి వంగి చూశాడు. “మేమూ ఎర్రమన్ను జాజు పూసి మిట్ట కనుక్కుండేది ఇట్లనేగదప్పా.”

“ఇట్లనే. అయితే జాజు తగలని చోట ఉలి పెట్టొద్దు.”

ఆ సెట్టుతో ఆమె జొన్నరొట్టె కొరికింది. ఇందులో గోరంత కూడా కలపలేదు, నా కళ్ళతో చూశాను. నా పనంతటిలో నాకు గర్వమైనది అదే.

ఎనభైల్లో ఒకసారి, నోరు చూపించుకోవడానికి ఆమె వచ్చి నా గదిలో బల్ల మీద కూర్చుంది. కొత్తగా పళ్ళు పెట్టించుకున్న ఒక రైతుకు నేను పాఠం చెబుతున్నాను.

“నొప్పి ఉన్నా ల్యాకున్నా వారానికి రావాల. మొదట్నుంచీ నాది ఇదే మాట. ఈ అక్కకు గూడా అదే జెప్పినా. ఇనల్యా. పుండు తెచ్చుకునె.”

ఆమె బల్ల మీద నుంచి లేచింది.

“యాడ జెప్పినావప్పా? పండ్లు పెట్టిన పొద్దు నంద్యాల బస్సు హారన్ కొడతాంటే సంచి ఎత్తుకోని, ‘నొప్పయితే రాక్కా’ అంటివి. నాకు నొప్పే ల్యాకపాయె. ఇంగ ఎందుకొస్తా?”