మోకాలి లోతు మంచు

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు పోయే సర్వీసు రోడ్డు మీద కౌసల్యమ్మ చాయ్ బండి ఉంది. చాయ్ సంగతి చెప్పాలంటే గొప్పదేమీ కాదు. పాలు పలచన, అల్లం వేసిందో లేదో ఆమెకే తెలియాలి. అయినా క్యాబ్ డ్రైవర్లు అక్కడే బండ్లు ఆపుతారు. ఎందుకంటే అక్కడ చాయ్‌తో పాటు ఒక అబద్ధం ఉత్త పుణ్యానికి దొరుకుతుంది. కాటేదాన్‌లో ఏదో ఫ్యాక్టరీలోకి చిరుతపులి దూరి, బిస్కెట్లు తిని, వచ్చిన దారినే మర్యాదగా వెళ్లిపోయిందని చెప్పింది ఆమే. విమానం కిటికీలోంచి ఒకాయన తనకు చెయ్యి ఊపాడనీ, తిరుగు ప్రయాణంలో వెతుక్కుంటూ వచ్చి చాయ్ తాగి పోయాడనీ చెప్పింది కూడా ఆమే. నమ్మినవాడు లేడు. వినకుండా లేచి వెళ్లినవాడూ లేడు.

పక్కనే సోడా బండి పెట్టుకున్న ముత్తమ్మకు మాత్రం ప్రతి కథకూ అడ్డం పడకపోతే పొద్దు గడవదు.

"చిరుతపులి బిస్కెట్లు తినిపోయిందానే? మరి చాయ్ పోయకపోయినవా దానికి?"

"పోసిన. శక్కెర తక్కువైందని మూతి తిప్పుకున్నది."

అట్లా సాగిపోతున్న బతుకులోకి బ్రహ్మానందం గారు కాశ్మీరు తెచ్చిపెట్టారు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్న రిటైర్డు ఉద్యోగి. పొద్దున నడక అయ్యాక చక్కెర లేని చాయ్ తాగి, చక్కెర ఉన్న బిస్కెట్లు తింటారు. తమ కాలనీ వాళ్లను పోగేసి శ్రీనగర్‌కు యాత్ర కట్టారు. తీరా బయలుదేరే ముందు ఒక జంట చలికి భయపడి మానుకుంది.

"రోజూ నెత్తి మీంచి విమానాలు పోతుంటాయి కదమ్మా, ఒక్కసారైనా ఎక్కొద్దూ? మీరూ, అనంతయ్య గారూ రండి," అన్నారాయన.

కౌసల్యమ్మ వెంటనే ఖర్చులకు చిట్టీ ఎత్తింది. మొగుడు అనంతయ్య గొణిగాడు. "సలిల మనకేం పనే? ఇంట్ల ఫ్యాన్ జర గట్టిగ తిరిగితేనే నాకు జలుబు చేస్తది."

"సరస్సు మీద మంచు పడేది చూసొస్త. ఆ కథ చెప్పితే ఇగ ముత్తమ్మ సోడాలు గుడ అమ్ముకోదు, నోరు తెరుసుకొని కూసుంటది," అంది కౌసల్యమ్మ. అదే ఆమె ఆశంతా.

విమానం ఎక్కేదాకా బాగానే ఉంది. కొండల మీదికి వచ్చేసరికి అది గతుకుల రోడ్డు మీద షేర్ ఆటోలాగా ఎగిరి పడసాగింది. కౌసల్యమ్మ రెండు చేతులూ జోడించి, బండి పక్కన గుడిలో ఉండే మైసమ్మను తలుచుకుంది. మామూలుగా అయితే యాటను, అంటే మేకపోతును, మొక్కేది. కానీ పోయినసారి యాటను మొక్కి కోడితో సరిపెట్టింది. మళ్లీ యాట అంటే తల్లి నమ్ముతుందా? కోడి అంటే కోపం చేస్తుంది. ఇక తన దగ్గర తల్లికి ఇవ్వదగ్గ వస్తువు ఒక్కటే మిగిలింది.

"తల్లీ, మమ్మల్ని క్షేమంగ దించు. ఇగ నా నోట్ల నుంచి ఒక్క అబద్ధం రాదు."

పక్క సీట్లో కళ్లు మూసుకుని ఉన్న అనంతయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఏం మొక్కినవే? నీకు దిమాక్ ఉన్నదా? యాటనే మొక్కకపోయినవా!"

అప్పటికే చక్రాలు నేలకు తాకాయి. తల్లి ఒప్పుకున్నట్టే లెక్క.

శ్రీనగర్‌లో వాళ్లు డాల్ సరస్సు మీద చెక్క పడవ ఇంట్లో దిగారు. అప్పుడే అంత చలి పడుతుందని ఎవరూ అనుకోలేదు, శీతాకాలం ఇంకా గుమ్మంలోనే ఉంది. అనంతయ్య నిప్పుల కుంపటి ఒళ్లో పెట్టుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, భోజనానికి మాత్రమే తాబేలులాగా తల బయటపెట్టేవాడు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టింది. కౌసల్యమ్మ ఆ సీసాను చంకలో పెట్టుకుని కరిగించి తలకు రాసుకునేది.

"ఈ నెలలో మంచు పడదండీ. నేను నెట్‌లో చూశాను," అని బ్రహ్మానందం గారు రోజూ కాఫీ దగ్గర తీర్పు చెప్పేవారు.

ఒకరోజు పొద్దున ఆయన అదే మాట చెబుతుండగా పడింది. కౌసల్యమ్మ పడవ ఇంటి వసారాలో నిలబడి ఉంది. జల్లెడలోంచి బియ్యప్పిండి రాలినట్టు సన్నగా, చప్పుడు లేకుండా రాలింది. నీళ్ల మీద పడ్డది పడ్డట్టే మాయమైంది. ఆమె మాంకీ క్యాప్ మీద కాస్త నిలిచింది. అరచెయ్యి చాపితే దాని మీద రెండు పలుకులు పడి, చూస్తుండగానే నీటిబొట్లయ్యాయి. కొండల మీద మాత్రం ఎవరో తెల్ల పంచె ఆరేసినట్టు కనబడింది. చాయ్ ఒక గుటక వేసేలోగా అంతా ఆగిపోయింది.

"బస్ ఇత్తాచ్ క్యా?" అని ఆమె కింద పడవవాణ్ణి మన హైదరాబాదు ఉర్దూలో నిలదీసింది. ఇంతేనా అని.

వాడు నవ్వి, ఇది మొదలేనమ్మా, అసలుది వచ్చే నెలల్లో పడుతుంది, అప్పుడు రండి అన్నాడు.

ఫోటో తీద్దామంటే చలికి ఆమె ఫోను చచ్చిపోయింది. బ్రహ్మానందం గారు మాత్రం బోలెడు తీశారు. అన్నిట్లోనూ ఆయన ముఖమే.

ఇంటికొచ్చిన మర్నాడు బండి చుట్టూ జనం మూగారు. శేఖర్ అనే క్యాబ్ డ్రైవర్ అయితే వచ్చిన బుకింగ్ వదులుకుని కూర్చున్నాడు.

"చెప్పు అక్కా, మంచు ఎంత పడ్డది?"

కౌసల్యమ్మ నోరు తెరిచింది. మోకాళ్ల దాకా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుడివైపు చూసి దాన్ని మింగేసింది.

"జరంత పడ్డది. పిండి రాలినట్టు. వెంటనే కరిగింది."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. లోపటికి పోయి రొట్టె తిన్న."

ముత్తమ్మ సోడా కొట్టడం ఆపింది. "వీళ్లు అసలు పోనే పోలే. గీ పక్కన మంఖాల్ల చెల్లెలింట్ల కూసోని వచ్చిన్రు."

బ్రహ్మానందం గారు తన ఫోను చూపించారు. "ఇదిగోండి, నా టోపీ మీద తెల్లగా కనబడటం లేదూ? అది మంచేనండీ."

ముత్తమ్మ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. "గది చుండ్రు సారూ. నిమ్మకాయ రుద్దున్రి, పోతది."

ఆ రోజు నుంచి బండి కళ తప్పింది. ఒకడు చాయ్ ఎట్లా ఉందక్కా అని అలవాటుగా అడిగితే, "పాలు పలచగున్నయి, అల్లం ఎయ్యలే," అని చెప్పేది. వాడు ఎదుటి బండికి నడిచేవాడు. అది పోతే పోయింది. కానీ ఆ మంచు ఆమె కడుపులో కరగకుండా ఉండిపోయింది. అన్నం సహించలేదు. రాత్రి నిద్రలో "నడుము దాక, నడుము దాక," అని కలవరిస్తోందని అనంతయ్య వచ్చి ముత్తమ్మకే చెప్పుకున్నాడు, మొక్కు సంగతితో సహా.

ముత్తమ్మ చెంపలు వాయించుకుంది. "గంత పెద్ద మొక్కు ఎవలన్న మొక్కుతరానే?" అని నేరుగా కౌసల్యమ్మ మీదికి వచ్చింది. "నువ్వు నిజాలు చెప్పబట్టి నాకు గుడ పొద్దు పోతలేదు. మొక్కు మార్చుకో. తల్లికి యాటనియ్యి, నీ నోరు నువ్వు తీసుకో."

"తల్లి ఒప్పుకుంటదా?"

"యాటనే చెప్తది."

ఆదివారం నాడు నల్లటి యాటను తెచ్చారు. బొట్టు పెట్టి, వేపమండలు కట్టి, గుడి ముందర నిలబెట్టారు. పసుపునీళ్లు పోస్తే యాట ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. లేకపోతే లేదు.

అనంతయ్య చెంబుతో నీళ్లు పోశాడు. యాట నిలబడి నెమరేసింది. మళ్లీ పోశాడు. అది శేఖర్ చొక్కా అంచు నమలసాగింది. ఎండ ఎక్కింది. దావత్‌కు వచ్చినవాళ్ల కడుపులు కాలుతున్నాయి.

"ఒప్పుకోనట్టున్నది," అన్నాడు శేఖర్ మెల్లగా. "ఇగ అక్క జిందగీ అంతా నిజమే చెప్పాలె."

"అడిగే తీరు గది కాదు," అంది ముత్తమ్మ. "తల్లి ముందట ఒక ముచ్చట చెప్పి చూడు. నచ్చితే యాట ఊపుతది, లేకుంటే లేదు." అని తన సోడా బండి వైపు నడిచింది.

కౌసల్యమ్మ దండం పెట్టి, యాట చెవి దగ్గర వంగింది. "తల్లీ, మంచు పడ్డది. పొద్దుగాల లేచి చూస్తే... మోకాళ్ల దాక ఉన్నది. సరస్సు అంతా గడ్డకట్టింది. పడవలు ఏడివాడ్నే ఇరుక్కున్నయి. మా సారును పారతోని తవ్వి తీసినం."

ముత్తమ్మ సోడా సీసాలుండే ఐసు డబ్బాలో చెంబు ముంచుకుని వచ్చింది. అందరూ కౌసల్యమ్మ నోరు చూస్తున్నారు. అదను చూసి ఆ నీళ్లు యాట వీపు మీద గుమ్మరించింది.

యాట కొమ్ముల నుంచి తోక దాకా ఒక్కసారిగా విదిలించింది. ముందు వరసలో ఉన్న బ్రహ్మానందం గారి కళ్లద్దాలు తడిసిపోయాయి. జనం అరిచారు, డప్పు మోగింది.

చెంబులో మిగిలిన ఐసు ముక్కను కౌసల్యమ్మ చూసింది. ముత్తమ్మ చెంబును కొంగు కిందికి లాక్కుంది. కౌసల్యమ్మ గుడివైపు తిరిగి దండం పెట్టింది.

సాయంత్రం విస్తర్లు లేచాక అందరూ మళ్లీ బండి చుట్టూ చేరారు. కౌసల్యమ్మ స్టవ్ వెలిగించి, అల్లం దంచి మరీ వేసింది.

"నువ్వు చెప్పు సారూ, మోకాళ్ల దాక ఉండెనా లేదా?" అని శేఖర్ బ్రహ్మానందం గారిని అడిగాడు.

ఆయన అద్దాలు తుడుచుకుంటూ ఒక క్షణం ఆలోచించారు. పారతో తవ్వి తీసిన మనిషిగా ఆయనకు ఆ కథలో మంచి చోటే దొరికింది. "నేను లోపల ఉన్నానండీ. పైన ఎంత ఉందో నాకేం తెలుస్తుంది?"

ముత్తమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. "మోకాళ్లు అంటే ఎవరి మోకాళ్లే? నీవా, ఒంటెవా?"

"ఒంటెవే," అంది కౌసల్యమ్మ. "ఆడ ఒక ఒంటె గుడ ఉండె."