మునిలక్ష్మి మెస్సులో బరాకా

మునిలక్ష్మి పుట్టింది పుంగనూరులో, మెస్సు పెట్టింది కుప్పంలో. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో మదనపల్లెలో చెల్లెలి ఇంట కూర్చుని, కనబడినవాళ్లకల్లా ఆ మెస్సు కబుర్లే చెబుతుంది. మధ్యలో లేచిపోతే ఊరుకోదు. ఆవిడ నోరు అలాంటిది మరి!

ఆ కబుర్లలో సగం బరాకావే. టాంజానియా నుంచి కుప్పానికి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. మొదటిరోజు రాగిసంగటి ముద్ద చూసి, ఇది మా ఊరి ఉగాలీయే అని ఎగిరి గంతేశాడట. వాళ్లు దాన్ని మొక్కజొన్న పిండితో చేస్తారని తర్వాత తెలిసింది. "యా పిండైతే ఏమప్పా, ముద్ద ముద్దే" అని ఇంకోటి వడ్డించింది. మూడేళ్లలో వాడికి సంగటితోపాటు మన తెలుగూ వంటబట్టింది. ఎంత బాగుండేవి ఆ రోజులు!

ఒక్క రోజు తప్ప. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో పుకారు పుట్టిన వారం అది. బస్టాండులో ఏడుస్తున్న పసిదానికి బరాకా బిస్కెట్టు ఇచ్చాడు. అంతే, జనం చుట్టుముట్టారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు కట్టె అందుకున్నాడు. బరాకా ఎంత మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు.

కబురు అందగానే మునిలక్ష్మి పిండి చేతులతోనే పరిగెత్తింది. బతిమాలితే వినే గుంపు కాదని చూడగానే అర్థమైంది. నేరుగా పోయి బరాకా వీపుమీద ఒక్కటి చరిచింది.

"యాడ సచ్చినావురా? సంగటి సల్లారిపోతాండాది! ఎంతసేపు నీకోసం కాసుకోని ఉండాల?"

చెవి పట్టుకుని లాక్కుపోయింది. పరాయివాణ్ణి అలా తిట్టరని ఆ సీమలో ఎవరికి తెలియదు? కట్టె పట్టినవాడు చెయ్యి దించాడు. జనం దారి ఇచ్చారు.

ఇప్పుడు బరాకా తన దేశంలో ఇంజనీరు. మొన్న వాడు ఫోన్ చేసినప్పుడు, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఆవిడ కక్కేసింది.

"నాయనా, ఆ పుకారు వాయిస్ మెసేజి నేనూ పంపినానురా. నిజమనుకోని, ఉండే గ్రూపులన్నిటికీ పంపినా. నా వల్ల నిన్ను సంపేసుండేవాళ్లు."

"తెలుసమ్మా. మెస్సు గ్రూపులో నేను గూడా ఉండాను కదా. ఆ పొద్దు బస్టాండుకు పోకముందే విన్నాను."

"మరి నన్ను యాల అడగలేదురా?"

"పంపింది నువ్వే. పరిగెత్తుకోని వచ్చింది గూడా నువ్వే. ఇంకేం అడిగేదమ్మా?"

మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బోరుమంది.